పాతింటి మొండిగోడల కాడ ఆదివారాలు

(కందుకూరులో ఒక ఆదివారం సాయంత్రం మెటల్ డిటెక్టింగ్ గురించి చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసుకున్నది)

అందరికీ నమస్కారం. ఆ వెనకున్న పిలకాయలు ముందుకొచ్చి కింద కూర్చోండి, ఈ డబ్బాలో ఉండేవి దగ్గర్నించి చూస్తేనే బాగుంటాయి. నన్ను పిలిచిన లైబ్రరీ వాళ్ళకి చాలా థ్యాంక్స్. నేను ఇట్టా నిలబడి మాట్లాడటం ఇదే మొదలు, నాకు తెలిసిన పని మోటార్ వైండింగ్, ఇరవై రెండేళ్ళ నుంచి షాపు, వారం అంతా కాలిపోయిన మోటార్లు ఊడదీసి కొత్త తీగ చుట్టటమే, ఆదివారం మాత్రం తెల్లారుజామున ఈ మెటల్ డిటెక్టర్, అంటే నేల్లో ఉన్న లోహాన్ని కనిపెట్టే మెషిన్, బండి మీద పెట్టుకుని పాడుబడిన ఇళ్ళ కాడికి పోతా.

ముందే ఒకటి చెప్పేస్తా. ఈ మెషిన్ చూడంగానే అందరి మనసులో వచ్చేది లంకెబిందెలే. ఆరేళ్ళ నుంచి తిరుగుతున్నా, ఒక్క బిందె కూడా రాలా. దొరికినయ్యి ఏందంటే ఎద్దుల లాడాలు, మేకులు, గొళ్ళేలు, అరిగిపోయిన కొడవలి ముక్కలు, కానీలు అనే పాతకాలం రాగి నాణేలు, ఎద్దు మెళ్ళో మువ్వ, ఎవరో పసిబిడ్డ మొలతాడు బిళ్ళ. ఇయ్యన్నీ కలిపి పాత ఇనపసామాను కొట్లో వేస్తే ఒక పూట టిఫిన్ ఖర్చు రాదు. అయినా ఒక్క ఆదివారం కూడా దండగ అనిపించలా, ఎందుకో చెప్పటానికే వచ్చా.

ఇది మొదలైంది మా అమ్మమ్మ ఊర్లో. ఊరి పేరు చెప్పను, కారణం తర్వాత చెప్తా. పాత ఊరు వాగు పక్కన ఉండేది, వానలకి నీళ్ళు ఇళ్ళలోకి వస్తున్నాయని ఒక్కో కుటుంబం లేచి రోడ్డు పక్కకి వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు, ఇప్పుడు అక్కడ మొండిగోడలు, చిల్లచెట్లు, ఒక వేపచెట్టు, పూడిపోయిన బావి, అంతే. మా అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు, పుట్టింది ఆ ఇంట్లోనే. ఒకరోజు మా అమ్మని బండి మీద తీసకపోయి ఇల్లు చూపించమన్నా. ఆమె ఆ చెట్లలో నిలబడి, వంటిల్లు ఇటా అటా, వసారా యాడుంది, గాదె యాడుంది, ఏమీ చెప్పలేకపోయింది. పదిహేడేళ్ళు తిరిగిన ఇల్లు. గోడలు మట్టిలో కలిసిపోతే మనిషికి ఆనవాలే దొరకదు. అప్పటికే షాపుకొచ్చే ఒకతని కాడ సెకండ్ హ్యాండ్‌లో ఈ మెషిన్ తీసుకుని ఉన్నా, కాయిల్ ఎట్టా చుట్టారో చూద్దామని. మరుసటి ఆదివారం దాన్ని అక్కడికి తీసకపోయా.

మెషిన్ ఎట్టా పని చేస్తదో కొంచెం చెప్తా, ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. ఈ కింద పళ్ళెం లాగా ఉందే, దీంట్లో రెండు కాయిళ్ళు. ఒకటి పంపిస్తది, రెండోది వింటది. మన మోటార్‌కి కరెంటు సెకనుకి 50 సైకిల్స్, దీంట్లో సెకనుకి వేలల్లో, ఐదు వేల నుంచి ఇరవై వేల మధ్య అనుకోండి ఎక్కువ మెషిన్లు. పంపించే కాయిల్ నుంచి అయస్కాంత క్షేత్రం నేల్లోకి దిగి, అక్కడ ఏ లోహం ఉన్నా దాంట్లో చిన్న సుడి కరెంట్లు, అదే ఎడ్డీ కరెంట్లు, పుట్టిస్తది. మోటార్ కోర్‌ని ఒకే ముద్ద ఇనుముతో చెయ్యకుండా పల్చటి రేకులు పేర్చి ఎందుకు చేస్తారు? ఎడ్డీ కరెంటు పుట్టి వేడెక్కుద్దని. అక్కడ మనం వద్దు అనుకునే ఆ ఎడ్డీ కరెంటే ఇక్కడ మనకి కావాల్సింది. ఆ కరెంటు మళ్ళీ తన సొంత క్షేత్రం పుట్టిస్తది, దాన్ని రెండో కాయిల్ పట్టుకుంటది, ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఇది ఇనుమా, రాగా, వెండా అని అంచనా వేసి నంబరు చూపిస్తది, చెవిలో మోత వినిపిస్తది. ఇనుముకి గరగర, వెండికి సన్నగా పైస్థాయి మోత.

ఈ ఐడియా ఇవాల్టిది కాదు. 1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్ఫీల్డ్‌ని తుపాకితో కాల్చారు, గుండు ఒంట్లో యాడుందో డాక్టర్లకి తెలియలా, ఎక్స్‌రే ఇంకా కనిపెట్టలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇట్టాంటి కాయిళ్ళ మెషినే తయారు చేసి తీసకపోయాడు. ప్రెసిడెంట్ పడుకున్న పరుపు కింద స్టీలు స్ప్రింగులు ఉన్నాయి, వాటి వల్ల మోత కలగాపులగం అయిపోయింది, పైగా డాక్టర్లు ఒక పక్కే వెతకనిచ్చారు, గుండు దొరకలా, సెప్టెంబర్‌లో ప్రెసిడెంట్ చనిపోయాడు. నేను పాతింట్లో మెషిన్ ఊపేటప్పుడు ఈ కథ చాలాసార్లు గుర్తొస్తది. ఎందుకంటే కూలిపోయిన ఇంటి నేల అంటే మేకుల పరుపే. దూలానికి కొట్టిన మేకులు, తలుపు బందులు, పెంకుల కింద వాసాల సీలలు, అన్నీ మట్టిలో కలిసి ఉంటాయి, ఒక కానీ దొరకాలంటే నలభై మేకులు ఏరాల. అందుకే పాతిళ్ళ కాడ పెద్ద కాయిల్ పనికిరాదు, చిన్న కాయిల్ పెట్టి, సెన్సిటివిటీ తగ్గించి, నింపాదిగా జరపాల. కొత్తగా కొన్న కుర్రోళ్ళు గడ్డి కోసినట్టు ఊపుతుంటారు, అట్టా ఊపితే ఏదీ వినపడదు.

మన జిల్లాల నేల సంగతి కూడా తెలుసుకోవాల. ఒంగోలు పక్కన కొణిజేడు, మర్లపాడు వైపు కొండల్లో ఇనప రాయి ఉంది, మాగ్నటైట్. ఆ చుట్టుపక్కల నేలే మెషిన్‌కి ఇనుములాగా కనపడతది, గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల మోతని లెక్కలోంచి తీసేసేట్టు మెషిన్‌ని సర్దటం, చెయ్యకుండా పోతే అడుగడుక్కీ మోతే. సముద్రం పక్క ఊళ్ళల్లో, ఉప్పు కయ్యలు ఉండే చోట, తడి ఉప్పు కూడా కరెంటు పోనిస్తది కాబట్టి సింగిల్ ఫ్రీక్వెన్సీ మెషిన్ అరుస్తానే ఉంటది, అక్కడ ఒకేసారి రెండు మూడు ఫ్రీక్వెన్సీలు పంపించేవి మేలు. గూడూరు వైపు మైకా మెరుపులు చూసి ఏదో దొరికిందని కొందరు ఆశపడతారు, మెషిన్ మైకాకి పలకదు, అది లోహం కాదు. నల్లరేగడిలో మే నెలలో తవ్వటం అంటే బండరాయి కొట్టటమే. మనకి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, అయిపోయిన తర్వాత జనవరి, ఫిబ్రవరి, నేల మెత్తగా ఉండి, పచ్చి తగ్గకుండా ఉన్నప్పుడు బాగుంటది, సిగ్నల్ కూడా తడి నేల్లో కొంచెం మెరుగు.

(ముందు వరసలో ఒక అబ్బాయి ఎంత లోతు దాకా తెలుస్తుందని అడిగాడు.)

మంచి ప్రశ్న నాయనా. కానీ సైజు నాణెం అయితే జానెడు, ఇంకా కొంచెం. ఒక అడుగు దాటితే చాలా కష్టం. నాగలి కర్రు అంత పెద్ద ముక్క అయితే ఇంకొంచెం లోతు. అంతే. ఇది అందరూ గట్టిగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇరవై అడుగుల లోతులో బంగారం చూపిస్తది, కిలోమీటరు అవతల నిధి చూపిస్తది అని యాంటెనా ఊచలు రెండు పెట్టి లక్షలకి అమ్మేవాళ్ళు తిరుగుతున్నారు. అట్టాంటి మెషిన్ లేదు. ఉండటానికి వీల్లేదు, కాయిల్ నుంచి దూరం పోయే కొద్దీ ఆ క్షేత్రం ఎంత తొందరగా పడిపోద్దో వైండింగ్ చేసే నాకు తెలుసు. రైస్ పుల్లింగ్ అని రాగి చెంబు బియ్యాన్ని లాగుద్ది, దాంట్లో ఇరిడియం ఉంది, విదేశాల వాళ్ళు కోట్లు ఇస్తారు అని చెప్పేది కూడా పచ్చి మోసం. రాగి బియ్యాన్ని లాగదు. నా షాపులో క్వింటాళ్ళ రాగి చూశా. ఇట్టాంటి వాటిలో పొలాలు అమ్ముకున్న కుటుంబాలు నాకు తెలుసు, వాళ్ళలో ఒకాయన నా కాడికే వచ్చి, స్వామీజీ చోటు చూపించాడు, నువ్వు మెషిన్ పెట్టు, పావలా వాటా నీది అన్నాడు. ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి రెండు గంటలు చెప్పా. వినలా. అది నాకు ఇప్పటికీ బాధే.

ఈ గుప్తనిధుల పిచ్చి వల్ల పాత గుళ్ళు తవ్వేసిన వార్తలు మీరూ చూస్తూనే ఉంటారు. నంది కింద తవ్వటం, ధ్వజస్తంభం కింద తవ్వటం. అందుకే ఊర్లో ఎవరన్నా ఈ మెషిన్ చూస్తే దొంగలొచ్చారనే అనుకుంటారు, అట్టా అనుకోవటంలో వాళ్ళ తప్పు లేదు. నాకూ జరిగింది. స్నేహితుడి వాళ్ళ పాతింటి స్థలంలో, అతని పర్మిషన్‌తోనే వెతుకుతున్నా, కానీ ఊర్లో ఎవరికీ చెప్పలా, అదీ తప్పు. గంటలో ముప్పై మంది చేరారు, బండి తాళం లాక్కున్నారు, పోలీసులకి ఫోన్ చేశారు, సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చున్నా. డబ్బా తెరిచి చూపిస్తే పదకొండు మేకులు, ఒక తాళంకప్ప. స్నేహితుడు వచ్చి కాగితాలు చూపించిన తర్వాత పంపించారు. ఆ రోజు నుంచి నాకు ఒక పద్ధతి. స్థలం ఎవరిదో వాళ్ళ చేత తెల్లకాగితం మీద రాయించుకుంటా, ఊరి పెద్దమనిషికి, సచివాలయంలో చెప్పి పోతా, చీకటి పడకముందే వచ్చేస్తా, ఒక్కణ్ణే పోను. ఇంటివాళ్ళల్లో ఒకళ్ళు పక్కన ఉండాలని అడుగుతా. వాళ్ళుంటే పని కూడా బాగుంటది, మనం తీసిన ఇనప ముక్క మనకి ముక్కే, వాళ్ళకి అది ఏందో తెలుస్తది.

చట్టం గురించి రెండు ముక్కలు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. నేల్లో దాచిపెట్టి ఉన్నది ఏదైనా, దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికిన మనిషి కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాల, ఏం దొరికింది, ఎంత, ఏ తేదీన, యాడ దొరికింది అని. ఖజానాలో డిపాజిట్ చెయ్యాల, లేదంటే కలెక్టర్ అడిగినప్పుడు చూపిస్తానని పూచీ ఇవ్వాల. పది రూపాయలు అంటే ఆ కాలం లెక్క, ఇవాళ ఒక్క పాత వెండి రూపాయి దొరికినా దాటిపోద్ది. ఎవరూ హక్కుదారు లేడని తేలితే దొరికినోడికి ముప్పాతిక వంతు, స్థలం ఓనర్‌కి పాతిక వంతు. చెప్పకుండా దాచుకుంటే వాటా పోవటమే కాదు, ఏడాది దాకా జైలు. అనుమానం ఉంటే రాసి ఇచ్చేయండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ఇంక పురావస్తు శాఖ రక్షిత స్థలాలు, చందవరం బౌద్ధ స్తూపం లాంటివి, వాటి దరిదాపుల్లోకి మెషిన్ తీసకపోవద్దు. కోటలు వద్దు, గుళ్ళు వద్దు. శ్మశానం వద్దు. పాటిదిబ్బలు కూడా వద్దంటా నేను. పాటిమన్ను పొలాలకి తోలుకునేవాళ్ళు మన పెద్దోళ్ళు, దాంట్లో పాత కుండ పెంకులు, పూసలు కనపడేవి, అంటే ఆ దిబ్బ వందల ఏళ్ళ ఊరు కావచ్చు, దాన్ని పొర పొరగా తవ్వటం చదువుకున్నవాళ్ళ పని. మన పని మన తాతల నాటి ఇళ్ళ వరకే.

ఇంకొకటి, బొడ్రాయి. పాత ఊరి మధ్యలో బొడ్రాయి ఉంటే దాని పక్కన మెషిన్ తప్పకుండా మోగుద్ది, ఎందుకంటే ప్రతిష్ఠ చేసేటప్పుడు కింద రాగి యంత్రం, పంచలోహాలు, నాణేలు వేస్తారు. ఊరు ఖాళీ అయినా అది ఊరి బొడ్డే. మోగినా దండం పెట్టి పక్కకి పోవటమే. గడప కింద కూడా గడప పెట్టిన నాడు వేసిన డబ్బులు ఉంటాయి, ఇంటివాళ్ళు తియ్యమంటే తప్ప నేను ముట్టుకోను.

ఇప్పుడు నెల్లూరు కథ. ఇది చెప్పాలనే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నా. 1786 ప్రాంతంలో, అంటే కంపెనీ రోజుల్లో, నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే చిన్న గుడి పునాదులు, వాటి కింద చిన్న కుండ, కుండ నిండా రోమన్ బంగారు నాణేలు. మెషిన్ లేదు, ఏం లేదు, నాగలి కర్రే. ఆ రైతు పాపం వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగించేశారు. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలు తిరిగి సంపాదించాడు. అప్పుడు మద్రాసు గవర్నర్‌గా ఉన్న డేవిడ్‌సన్ వాటిల్లో రెండు ఏరుకున్నాడు, ఒకటి హేడ్రియన్ చక్రవర్తిది, ఒకటి ఫాస్టినా రాణిది. ఆయన రాసిన ఉత్తరం ఏషియాటిక్ రీసెర్చెస్ అనే సంపుటాల్లో అచ్చయింది, దాంట్లో అంటాడు, కొన్ని నిన్నగాక మొన్న టంకశాల నుంచి వచ్చినట్టు ధగధగ మెరుస్తున్నాయి, కొన్నిటికి బెజ్జాలు ఉన్నాయి, మెళ్ళో వేసుకున్నట్టున్నారు అని.

ఒకసారి ఆలోచించండి. రోమ్ నుంచి ఓడలో వచ్చిన నాణేనికి ఇక్కడ మన ఆడబిడ్డ ఎవరో బెజ్జం పెట్టించుకుని కాసులపేరు లాగా వేసుకుంది. ఎంత గొప్ప సంగతి. కానీ ఆ పొలం ఏ ఊర్లో? ఆ గుడి ఎవరిది? ఆ రైతు పేరేంది? ఉత్తరంలో నెల్లూరు దగ్గర అని ఉంది, అంతే. గవర్నర్ ఏ నాణెం తీసుకున్నాడో రాశారు, ఊరు రాయలా. కరిగిపోయిన బంగారం గురించి నాకు పెద్ద బాధ లేదు, ఆ ఊరి పేరు పోయింది, అది నాకు బాధ. నాణెం ఇంకోటి ఎక్కడైనా దొరుకుద్ది, మ్యూజియంలో ఉంటది. ఆ చోటు ఇంక దొరకదు.

అందుకని నా పని సగం మెషిన్‌తో, సగం నోటు పుస్తకంతో. ఇది చూడండి, స్కూలు పిలకాయల గళ్ళ నోటు పుస్తకం. ఒక్కో ఇంటికి ఒక పేజీ. నిలబడి ఉన్న గోడ ఏదైతే ఉందో అక్కడి నుంచి టేపు పెట్టి కొలిచి, ఒక్కో గడి ఒక్కో అడుగు అనుకుని, దొరికిన ప్రతి మేకుకీ చుక్క పెడతా. మేకుకి కూడా. మొదట్లో మా ఆవిడ, తుప్పు మేకులకి లెక్కలేంది అని అడిగింది. కానీ అమ్మమ్మ ఇంటి పేజీ నాలుగు ఆదివారాల తర్వాత చూస్తే చుక్కలన్నీ గీతలుగా కనపడ్డాయి. దూలాలు పడిన చోట మేకుల గీత. అదిగో అది వసారా అంచు. ఒక మూల లాడాలు గుంపుగా, అది పశువుల కొట్టం. ఎద్దు గిట్ట చీలి ఉంటది కాబట్టి గుర్రానికి లాగా ఒకటి కాదు, కాలికి రెండు లాడాలు, ఒక ఎద్దుకి ఎనిమిది. ఆ మూల పదమూడు దొరికినయ్యి. ఇంకో చోట కత్తిపీట ముక్క, ఇత్తడి గరిటె కాడ, దాని చుట్టూ బూడిద రంగు మట్టి, అది వంటిల్లు. మళ్ళీ అమ్మని తీసకపోయి పేజీ చేతిలో పెట్టి, అమ్మా ఇది కొట్టం, ఇది వంటిల్లు అన్నా. ఆమె చూసి, అయితే గాదె ఇక్కడ, నేను పడుకునేది ఇక్కడ అని నడుచుకుంటా పోయి ఒక తంగేడు చెట్టు కాడ నిలబడింది.

అక్కడే దొరికింది ఇది. ఈ చెక్క ముక్క. కుళ్ళిపోయిన తలుపు చట్రంలోది, దాంట్లో మేకు, మేకు తల కింద వాషర్ లాగా ఇది. చిల్లు కానీ. నడిమధ్య బెజ్జం ఉన్న ఈ కానీలు 1943 నుంచి 47 దాకా కొట్టారు, యుద్ధం రోజుల్లో రాగి పొదుపు కోసం. ఇది 1944. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది మా నాయన కొట్టిన సీల అంది. ఆమె పుట్టకముందు కొట్టిందే, కానీ చిన్నప్పుడు ఆ తలుపు కాడ నిలబడి ఆ బెజ్జం చుట్టూ వేలు తిప్పతా ఉండేదంట. వాషర్ కొనాలంటే కానీ కంటే ఎక్కువయ్యేది, అందుకని మా నాయన కానీనే వాషర్ చేశాడు అని చెప్పి చాలాసేపు ఏం మాట్లాడలా. మా తాతని నేను చూడలా, ఫోటో లేదు. ఆయన చేతి పని నాకు దొరికింది ఇదొక్కటే, నేనూ చేతిపనోణ్ణే కాబట్టి చెప్తున్నా, మేకు చాలా నిటారుగా దిగింది.

నాణేల గురించి పిలకాయల కోసం కొంచెం. డబ్బు అనే మాటే ఒక రాగి నాణెం పేరు, కంపెనీ వాళ్ళ కాలంలో మద్రాసు టంకశాలలో కొట్టిన కొన్ని రాగి నాణేల మీద తెలుగు అక్షరాలు కూడా ఉండేవి. మనకి పాతిళ్ళల్లో ఎక్కువ దొరికేవి పావు అణాలు, అదే కానీలు, విక్టోరియా బొమ్మవి, ఎడ్వర్డ్, జార్జి బొమ్మవి. రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు కానీలు. విక్టోరియావి 1862 నుంచి క్వీన్ అని ఉంటది, 1877 నుంచి ఎంప్రెస్ అని ఉంటది, అట్టా చూడంగానే కాలం తెలిసిపోద్ది. వెండి రూపాయి 1939 దాకా పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, 1940 నుంచి సగమే వెండి, 1947లో నికెల్ అయిపోయింది. 1957 ఏప్రిల్ నుంచి నయాపైసలు. ఒక ఇంటి నేల్లో చివరి నాణెం ఏ సంవత్సరందో చూస్తే వాళ్ళు ఎప్పటిదాకా అక్కడున్నారో సుమారుగా తెలుస్తది. ఒక ఇంట్లో చివరిది అల్యూమినియం మూడు పైసలు, ఆరు మూలలది, ఇంకో ఇంట్లో జార్జి కానీ తర్వాత ఏమీ లేవు.

దొరికిన నాణేన్ని చింతపండుతో తోమొద్దు. దణ్ణం పెట్టి చెప్తున్నా. నాకు మొట్టమొదట దొరికిన కానీని ఇంటికి తీసకపోయి, ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి తోమా, మెరిసింది గానీ సంవత్సరం అంకెలు పోయాయి. ఇప్పటికీ ఆ కానీ ఏ ఏడాదిదో నాకు తెలియదు. ఆ పచ్చటి పొర దానికి కవచం, ఉండనీండి. మంచినీళ్ళల్లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో మట్టి మాత్రం తియ్యండి. ఇనుముకి వేరే పద్ధతి ఉంది, బకెట్ నీళ్ళల్లో చాకలి సోడా కలిపి, పన్నెండు వోల్టుల చార్జర్ నెగటివ్ వైరు లాడానికి, పాజిటివ్ వైరు పనికిరాని ఇనప ముక్కకి కట్టి, రెండూ తగలకుండా ముంచితే, ఒక రాత్రిలో తుప్పు వదిలిపోద్ది. ఆరుబయట పెట్టండి, హైడ్రోజన్ వస్తది, బీడీ సిగరెట్ దగ్గరికి రానీయొద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం పాజిటివ్‌కి వాడొద్దు, నీళ్ళల్లోకి క్రోమియం విషం దిగుద్ది.

(ఒకామె లేచి, పోయిన వస్తువులు వెతికి పెడతారా అని అడిగింది.)

పెడతానక్కా, డబ్బులు తీసుకోను. పోయినేడు నాట్లప్పుడు ఒకామె తాళిబొట్టు కయ్యలో జారిపోయింది. బురద, అందరూ తొక్కేశారు, ఆమె గట్టు మీద కూర్చుని ఏడుస్తా ఉంది, వాళ్ళాయన నా షాపుకి పరిగెత్తుకుంటా వచ్చాడు. బంగారం వెతకటం కష్టం, ఎందుకంటే చిన్న బంగారం ముక్కకి వచ్చే నంబరూ, మాత్రల అట్ట రేకుకి, గుట్కా పొట్లం రేకుకి వచ్చే నంబరూ ఇంచుమించు ఒకటే. కాబట్టి ఏదీ వదలకూడదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా వరసలు వరసలుగా తాడు కట్టుకుని తిరిగా. రేకులు ఇరవై దాకా వచ్చాయి. ఇరవై ఒకటోది ఒక బొట్టు. రెండో బొట్టు దానికి జానెడు దూరంలో. ఆమె వాటిని పైట కొంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది. ఈ మెషిన్ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, తొందరగా చెప్తా. మొండిగోడల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, తేళ్ళుంటాయి, పాములుంటాయి, కట్టెతో కదిలించి చూడండి. బూట్లు వేసుకోండి. టీటీ ఇంజెక్షన్ వేయించుకునే పోండి. అన్నిటికంటే భయం బావులు, ధాన్యం పాతరలు. బావి నోటి మీద తీగలు అల్లుకుని నేల లాగా కనపడుద్ది, పాతర పైకప్పు మట్టి పల్చబడి ఉంటది. ముందు ఆ ఊరి పెద్దోళ్ళని అడిగి బావి యాడుందో తెలుసుకుని తర్వాతే అడుగు పెట్టండి. తవ్విన ప్రతి గుంతా పూడ్చి రండి, గొర్రెలు కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి.

ఊరి పేరు ఎందుకు చెప్పనంటే, ఒకసారి ఒక పాతింట్లో దొరికిన రెండు కానీల ఫోటో, ఊరి పేరుతో సహా నేను స్నేహితుల గ్రూపులో పెట్టా. వారం తిరిగేసరికి ఎవరో రాత్రిపూట వచ్చి ఆ ఇంటి నేలంతా ప్రొక్లెయిన్‌తో తవ్విపోయారు. ఆ ఇంటి ముసలాయన నన్ను ఒక్క మాట కూడా అనలా, అబ్బాయా, వసారా మెట్టు కూడా పోయిందే అన్నాడు, అంతే. రాసుకోవాల, ప్రతిదీ రాసుకోవాల, కానీ పుస్తకం ఆ ఇంటివాళ్ళకి ఇవ్వాల, ఒక కాపీ మన దగ్గర పెట్టుకోవాల, ఫోన్‌లో ఊరంతా తిప్పకూడదు. ఆ పశ్చిమాన వెలిగొండ ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊళ్ళు ఉన్నాయి, అక్కడి వాళ్ళు ఎవరన్నా ఇక్కడ ఉంటే, ఖాళీ చేసేలోపు ఇంటికి ఒక పేజీ గీసి పెట్టుకోండి. మెషిన్ అక్కర్లా. టేపు, పెన్సిలు చాలు. గుమ్మం యాడ, పొయ్యి యాడ, అమ్మ కూర్చునే చోటు యాడ.

ఇంక చాలు, మైకు వాళ్ళకి టైమైంది. ఈ డబ్బా అటు నుంచి పంపిస్తా, పిలకాయలు ఒక్కోటి చేత్తో పట్టుకుని చూడండి. ఆ మువ్వ ఊపితే ఇప్పటికీ మోగుద్ది, లోపల ఇనప గుండు ఉంది. ఒక్కోదాన్ని ఒక్కో కవర్లో పెట్టా, ప్రతి కవర్లో ఒక చీటీ ఉంది, ఎవరిల్లు, ఏ గోడకి ఎన్ని అడుగులు, ఎంత లోతు అని. చూసిన తర్వాత మళ్ళీ అదే చీటీతో అదే కవర్లో పెట్టండి. చీటీలు కలవనీయొద్దు.